ఓడిపోయేవాడి చేతిలో ముక్క

"ఏటమ్మా ఇది? మా రోజుల్లో దీన్ని కుమ్మక్కు అనేవాళ్ళం. పట్టుబడ్డవాణ్ణి మళ్ళీ బల్ల దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు."

మామయ్య ఈ మాట అనేసరికి బల్ల చుట్టూ ఉన్న మిగతా ముగ్గురి చేతులూ ఆగాయి. పర్సుడీహ్‌లో శుక్రవారం సాయంత్రం. వంటింట్లోంచి ధుస్కాలు వేగుతున్న వాసన వస్తోంది. టాటానగర్ స్టేషన్ వైపు నుంచి గూడ్సు బండి కూత వినిపించింది. బల్ల మీద నాలుగు కట్టలున్నాయి, ఒక్కొక్కదాంట్లో వంద ముక్కలు. చాలావరకు జిరాక్సు కొట్లో రంగు ప్రింటు తీయించి, కత్తిరించి, ప్లాస్టిక్ తొడుగుల్లోకి ఎక్కించినవే. అసలు ముక్కలు కొనాలంటే కొన్నిటికి నెల జీతం చాలదు. అందుకే ఈ రకం ఆటకి చాలా టోర్నమెంట్లలో ప్రింటు ముక్కలను ఒప్పుకుంటారు. ఆటను తయారుచేసే కంపెనీ గుర్తింపు ఉన్న పోటీల్లో మాత్రం కుదరదు.

తెల్లారితే మేనకోడలు స్టీల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హావ్‌డా వెళ్ళాలి. కలకత్తాలో ఒక కొట్టువాళ్ళు పెట్టిన చిన్న టోర్నమెంటు ఉంది. ఆట పేరు మ్యాజిక్: ద గ్యాదరింగ్. అందులో నలుగురు కూర్చుని ఆడే కమాండర్ అనే పద్ధతి. సాధన కోసం వీధిలోని ఇద్దరు స్నేహితులను పిలిచింది. ఒకడు బెంగాలీ కుర్రాడు, ఇంకొకరు కరణ్‌డీహ్ నుంచి వచ్చిన సంతాలీ అమ్మాయి. నాలుగో కుర్చీకి మనిషి దొరక్క మామయ్యను కూర్చోబెట్టింది. మూడు వారాలుగా ఆయనకు నేర్పుతోంది.

ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో, టాటానగర్‌లో, చక్రధర్‌పూర్‌లో స్థిరపడుతూ వచ్చాయి. వీళ్ళదీ అలాంటి ఇల్లే. మామయ్యకు నలభై ఏళ్ళ రమ్మీ అనుభవం ఉంది, కొంత బ్రిడ్జి కూడా. పేక అంటే ఆయనకు కాలక్షేపం కాదు, గౌరవంగా చేయాల్సిన పని. అందుకే ఇందాక జరిగింది ఆయనకు మింగుడుపడలేదు.

జరిగింది ఇది. మేనకోడలు బెంగాలీ కుర్రాడితో అందరూ వింటుండగా అంది: "నువ్వు ఈ చుట్టు నా మీదకి రాకు, నీ ముక్క నేను తీసెయ్యను. ఇద్దరం కలిసి ఆమెను ఆపుదాం." వాడు సరేనన్నాడు.

"ఇది ఎత్తు మామయ్యా. బయటికే చెప్పాను కదా," అంది ఆమె.

"నలుగురు ఆడే ఆటలో ఇద్దరు మాట్లాడేసుకుంటే మూడోవాళ్ళు ఆడినట్టా, ఆడనట్టా?"

ఇద్దరి మాటల్లోనూ నిజముంది. ఎవరి ఆట ఎలాంటిదో చూడకుండా అది ఎంతెంతో తేల్చలేం.

మ్యాజిక్ 1993 ఆగస్టులో అమెరికాలో వచ్చింది. కనిపెట్టిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ గణితంలో డాక్టరేటు చేసినవాడు. పేకలో అందరూ ఒకే కట్ట నుంచి పంచుకుంటారు. ఇందులో ఎవరి కట్ట వాళ్ళు ఇంటి దగ్గరే కట్టుకుని వస్తారు. వేల రకాల ముక్కల్లోంచి ఏవి ఏరుకోవాలో ఆటగాడి ఇష్టం. ఇద్దరు ఆడే మామూలు పద్ధతిలో కనీసం 60 ముక్కలుండాలి, కొన్ని ప్రాథమిక ముక్కలు తప్ప ఒక్కో ముక్క నాలుగుకు మించకూడదు. 1994లో మొదటి ప్రపంచ పోటీ జరిగింది. 1996లో ప్రో టూర్ మొదలైంది. కమాండర్ దారి వేరు. అది అలాస్కాలో స్నేహితుల మధ్య పుట్టింది. షెల్డన్ మెనెరీ అనే జడ్జి దాన్ని లోకానికి చాటాడు. ఇందులో వంద ముక్కలు, ప్రాథమికమైనవి తప్ప ఒక్కోటి ఒక్కటే. నలుగురు కూర్చుంటారు, ఒక్కొక్కరికి 40 ప్రాణాలు. మొదట్లో దీన్ని తీరికగా ఆడుకునేవాళ్ళు. తర్వాత కొందరు దాన్నే పోటీకి పెట్టారు, ఈ తగవంతా అక్కడి నుంచే మొదలైంది.

"నీ దృష్టిలో ఎత్తంటే ఏంటో ముందు చెప్పు," అన్నాడు మామయ్య.

మేనకోడలు కట్ట చేతిలోకి తీసుకుంది. "ముప్పాతిక వంతు ఎత్తు ఇక్కడే అయిపోతుంది మామయ్యా, బల్ల దగ్గర కూర్చోకముందే. చూడు. అరవై ముక్కల కట్టలో ఒక ముక్కని నాలుగు సార్లు పెట్టాననుకో. మొదట పంచుకునే ఏడు ముక్కల్లో అది కనీసం ఒక్కటైనా వచ్చే అవకాశం దాదాపు 40 శాతం. కమాండర్‌లో కమాండరు ముక్క పక్కన ఉంటుంది, మిగిలేవి 99. ఒక్కోటి ఒక్కటే కాబట్టి నేను కోరుకున్న ముక్క ఆ ఏడింట్లో ఉండే అవకాశం 7 శాతం. ఏడు బై తొంభై తొమ్మిది, అంతే. మరి కావాల్సిన ముక్క మీద ఆశ పెట్టుకుని ఎలా కూర్చుంటాను? అందుకే కట్టలో ముక్కని వెతికి తెచ్చే ముక్కలు ఎక్కువ పెట్టాను. అదృష్టాన్ని తగ్గించుకునే పని నేను ఇంట్లోనే చేసుకుని వస్తాను."

"అంటే బల్ల దగ్గర పనే లేదంటావ్."

"లేదనడం లేదు. 1996లో అట్లాంటాలో పాల్ స్లై అనే అతను ఒక అర్హత పోటీలో రెండో స్థానం తెచ్చుకున్నాడు. కట్ట చూస్తే అందరూ పక్కన పడేసే చిన్న చిన్న ముక్కలే. అయితే మొదటి వంతులో దించడానికి ఒక ఖర్చయ్యే ముక్క, రెండో వంతులో రెండు ఖర్చయ్యేది, ఇలా ఏ వంతూ వృథా కాకుండా పేర్చిన కట్ట అది. దాన్ని జే ష్నైడర్ ఆలోచించి పెట్టాడు. పెద్ద ముక్కలు దాచుకున్నవాళ్ళు అవి దించేలోపే ఆట అయిపోయింది. ఇప్పటికీ కట్టలో ముక్కల ఖర్చు ఎలా పరచుకోవాలో మాకు నేర్పే మొదటి పాఠం అదే."

"మరి నువ్వు అదే కట్ట పట్టుకెళ్ళొచ్చు కదా?"

ఆమె నవ్వింది. "ఇద్దరి ఆటలో ఎదుటివాడికి 20 ప్రాణాలు. ఇక్కడ ముగ్గురికీ కలిపి 120. చిన్న ముక్కలతో ఒకణ్ణి కొట్టుకుంటూ కూర్చుంటే మిగతా ఇద్దరూ తీరిగ్గా తమ పని చూసుకుంటారు. నలుగురి బల్లలో ముందుగా తొందరపడ్డవాడు పక్కవాళ్ళకు పని చేసిపెట్టినట్టే. అందుకే ఒకేసారి ముగ్గుర్నీ ముగించే రెండు ముక్కల జోడీ పెట్టుకున్నాను."

ఆ జోడీ ఎలా పనిచేస్తుందో ఆమె బల్ల మీద పరిచి చూపించింది. ఒకటి థాసాస్ ఒరాకిల్. అది దిగినప్పుడు కట్టలో ముక్కలు దాదాపు మిగలకపోతే దించినవాళ్ళదే గెలుపు. రెండోది డెమోనిక్ కన్సల్టేషన్. ఒక ముక్క పేరు చెప్పాలి, అది కనబడేదాకా కట్టంతా తీసి పక్కన పడేయాలి. కట్టలో లేని పేరు చెబితే కట్ట మొత్తం పోతుంది. మామూలుగా అయితే అది ఆత్మహత్య. ఒరాకిల్ దిగి, దాని ఫలితం ఇంకా తేలకముందే ఇది వేస్తే అదే గెలుపు. రెండింటికీ కలిపి అయ్యే ఖర్చు మూడు. ఇంత చవగ్గా ఆట ముగుస్తుంది కాబట్టే ఈ స్థాయి పోటీలో ప్రతివాడూ ఒక్కటే ప్రశ్న వేసుకుంటూ కూర్చుంటాడు: ఇప్పుడు ఎవరి చేతిలో ఆపే ముక్క ఉంది?

మామయ్య ఆ రెండు ముక్కలనూ కాసేపు చూశాడు. తర్వాత లేచి అలమారలోంచి తన పాత పేక కట్టలు రెండు తెచ్చాడు.

"ఇప్పుడు నాది చూడు."

ఆయన ఇస్పేటు అయిదు, ఆరు పక్కపక్కన పెట్టాడు. కింద ఆఠీను అయిదు, ఏడు పెట్టాడు. "పై జతకి నాలుగు గాని ఏడు గాని కావాలి. రెండు కట్టలతో ఆడతాం కాబట్టి ఒక్కోటి రెండేసి, మొత్తం నాలుగు ముక్కలు పనికొస్తాయి. కింది జతకి ఆరొక్కటే, రెండే ముక్కలు. ఇది చిన్నపిల్లకీ తెలిసిన లెక్క. ఆట మొదలయ్యాక ఎదురుగా ఉన్నవాడు ఇస్పేటు ఏడు ఒకటి పడేశాడు. పక్కవాడు ఇస్పేటు నాలుగు ఎత్తుకున్నాడు. ఇప్పుడు ఏది ఉంచుకోవాలి? నా చేతిలో ముక్కలు మారలేదు, వాటి విలువ మారిపోయింది. ఇంట్లో కూర్చుని వేసుకున్న లెక్క అక్కడ పనికిరాదు. పడిన ప్రతి ముక్కా గుర్తుండాలి. ఎవడు ఏది ఎత్తాడో గుర్తుండాలి. నాకు ఇస్పేటు తొమ్మిది కావాలంటే ముందు ఆఠీను తొమ్మిది పడేస్తాను. తొమ్మిదులు క్షేమం అనుకుని ఎవడో ఒకడు నాక్కావాల్సింది దించుతాడు. ఎర వేయడం అంటే అది."

ఈ మాట మామయ్య ఒక్కడే అనుకుంటున్నది కాదు. దేశంలో అత్యున్నత న్యాయస్థానం ఈ విషయం మీద మాట్లాడిన కేసు తెలుగు నేల మీదే పుట్టింది. 1963 మే నెలలో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. రమ్మీ ఆడుతున్నవాళ్ళను పట్టుకుని జూదం కేసు పెట్టారు. అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ పేరుతో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967 నవంబరులో న్యాయమూర్తి హిదయతుల్లా రాసిన తీర్పు మూడు ముక్కలాటను, రమ్మీని విడదీసింది. మూడు ముక్కలాటలో ఉన్నదంతా అదృష్టమే. రమ్మీలో పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, అందుకే అందులో నైపుణ్యానిదే పైచేయి అని కోర్టు చెప్పింది. పంపకంలో ఉండే అదృష్టం బ్రిడ్జిలోనూ ఉంటుందని కూడా అంది. తర్వాత కాలం మారింది. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం దేశమంతటా ఆన్‌లైన్ డబ్బాటలను ఆపేసింది. ఇళ్ళు గుల్లచేసిన యాప్‌లను ఆపడంలో తప్పు పట్టడానికేమీ లేదు. రమ్మీలో నేర్పు ఏముందో చెప్పిన ఆ పాత తీర్పు విలువ మాత్రం దానివల్ల తగ్గదు.

"సరే మామయ్యా, చూపు కావాలి, జ్ఞాపకం కావాలి. ఒప్పుకుంటాను. మా ఆటలోనూ అంతే. 1999లో మైక్ ఫ్లోర్స్ అనే ఆయన ఒక వ్యాసం రాశాడు. ఇద్దరు ఆడుతున్నప్పుడు ఒకరు దూకేవాళ్ళు, ఒకరు కాచుకునేవాళ్ళు. నేను ఏ పాత్రలో ఉన్నానో తప్పుగా అనుకున్నానంటే ఆట పోయినట్టే అంటాడు. అది కట్ట మీద రాసి ఉండదు. ఎదుటి కట్టను బట్టి, ఆ పూట పడిన ముక్కలను బట్టి మారుతుంది."

"ఊఁ, అతనెవరో ఆడినవాడే. మరి మాట్లాడుకోవడం సంగతి చెప్పు."

మామయ్య పట్టు అక్కడే ఉంది, అది ఊరికే పట్టింది కాదు. రమ్మీ బల్ల మీద ఇద్దరు కలిసిపోతే మిగతావాళ్ళను దోచుకోవచ్చు. ఒకడు కావాలని రెండోవాడికి ముక్కలు వదులుతాడు, గెలిచాక ఇద్దరూ పంచుకుంటారు. బ్రిడ్జిలో భాగస్వామితో మాట్లాడాలంటే వేలంపాట, వేసే ముక్కల ద్వారానే, దాని అర్థం ప్రత్యర్థికి కూడా చెప్పి తీరాలి. ఈ నియమం ఎంత కఠినమో 2015లో లోకం చూసింది. నార్వే ఆటగాడు బోయె బ్రోగెలాండ్ ప్రపంచస్థాయి జోడీల మోసాలను బయటపెట్టాడు. ముక్కలు ఉంచే చిన్న పలకను బల్ల మీద ఎక్కడ పెట్టారనే దాన్నిబట్టి ఒక జోడీ సైగలు చేసుకుందని వీడియోలు చూసి తేల్చారు. పతకాలు గెలిచినవాళ్ళు నిషేధానికి గురయ్యారు. ఆ తర్వాత మూడేళ్ళకు, 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జి మొదటిసారి చేరినప్పుడు, పక్కనే ఉన్న బెంగాల్‌కు చెందిన ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ భారతదేశానికి స్వర్ణం తెచ్చారు. అప్పటికి ఒకరికి 60 ఏళ్ళు, ఇంకొకరికి 56. మామయ్య ఆ ఫొటో పేపర్లోంచి కత్తిరించి దాచుకున్నాడు.

"వాళ్ళు మాట్లాడుకోలేదు. కళ్ళతో కూడా మాట్లాడుకోలేదు. అందుకే ఆ బంగారానికి విలువ."

"వాళ్ళ ఆటలో మాట రహస్యం, అందుకే నేరం. మా ఆటలో మాట బహిరంగం. నేను అతనితో అన్నది నువ్వూ విన్నావు, ఆమె కూడా వింది. కావాలంటే ఆమె అతనికి నాకన్నా మంచి ఒప్పందం చెప్పొచ్చు. ఆపేవాళ్ళెవరూ లేరు. ఇక ఆట బయటి సంగతులంటావా, మా నియమాలూ గట్టివే. 'నువ్వు ఓడిపో, బహుమతిలో సగం ఇస్తాను' అన్నానంటే అది లంచం, దానికి శిక్ష ఉంటుంది. బొమ్మా బొరుసా వేసి ఎవరు గెలిచారో తేల్చుకున్నా అంతే. బల్ల మీద ఉన్నదాంతోనే బేరం. బల్ల దాటితే తప్పు."

"బహిరంగంగా ఇద్దరు కలిసి ఒకళ్ళని కొడితే దెబ్బ తగ్గుతుందా?"

ఆమె వెంటనే జవాబు చెప్పలేకపోయింది. ఈ ప్రశ్నకు గణితం దగ్గర కూడా సులువైన జవాబు లేదు. ఇద్దరి ఆటలో ఒకరి లాభం రెండోవారి నష్టం. అక్కడ ఉత్తమమైన ఎత్తు ఉంటుందని 1928లోనే జాన్ వాన్ నాయ్‌మన్ నిరూపించాడు. ముగ్గురైతే ఆ నిరూపణ నిలవదు. ఎవరు ఎవరితో కలుస్తారన్నదే ఆట అవుతుంది. 1944లో ఆయన ఆస్కర్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి రాసిన గ్రంథంలో పెద్ద భాగం ఈ కూటముల గురించే. అంటే మేనకోడలు చేసింది ఆటకు అంటుకున్న మచ్చ కాదు. మూడో కుర్చీ వేసిన క్షణంలోనే అది బల్ల దగ్గరికి వచ్చేసింది. దాన్ని నిషేధించినా పోదు, మౌనంగా జరుగుతుంది.

ఆమె ఆ మౌనాన్నే పట్టుకుంది. "మామయ్యా, మీరు 101 పూల్ ఆడతారు కదా. మొదటి వంతులోనే ఆట వదిలేసి డ్రాప్ చేస్తే ఎన్ని పాయింట్లు పడతాయి?"

"ఇరవై. మధ్యలో డ్రాప్ అయితే నలభై. పూర్తిగా దొరికిపోతే ఎనభై."

"ఒకడు 85 మీద ఉన్నాడనుకో. డ్రాప్ చేస్తే 105, అంటే 101 దాటి అవుట్. అంటే ఏ చెత్త ముక్కలు వచ్చినా వాడు ఆడక తప్పదు. అప్పుడు మిగతా ముగ్గురూ ఏం చేస్తారు?"

మామయ్య నిజం చెప్పాడు. "వాడికి ముక్క దొరక్కుండా ఆడతాం."

"ముగ్గురూనా?"

"ముగ్గురూ." కాసేపాగి, "కానీ మాట్లాడుకోం. ఎవడికి వాడికి తెలుస్తుంది," అన్నాడు.

"మేం పైకి అంటాం. తేడా అంతే కదా."

అంతే అని మామయ్య ఒప్పుకోలేదు. అంతే కూడా కాదు. మౌనంగా ముగ్గురు ఒకణ్ణి బిగించినప్పుడు ప్రతివాడూ తన లాభం కోసమే ఆడుతున్నాడు. నోటిమాట వచ్చేసరికి నమ్మకం వస్తుంది, నమ్మకంతోపాటు దాన్ని విరిచే అవకాశమూ వస్తుంది. మాట ఇచ్చినవాళ్ళు తప్పొచ్చు. తప్పితే శిక్షించే నియమం ఏదీ లేదు.

ధుస్కాలు వచ్చాయి. చేతులు తుడుచుకున్నాక ఆమె ఒక కాగితం తీసి అసలైన లెక్క చెప్పింది, మామయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నది అప్పుడే.

ఇద్దరు ఆడే మ్యాజిక్ పోటీల్లో గెలుపుకు 3 పాయింట్లు, డ్రాకు 1, ఓటమికి సున్నా. నలుగురి పోటీల్లో చాలాచోట్ల గెలుపుకు 5, డ్రాకు 1 ఇస్తారు. స్విస్ పద్ధతి కాబట్టి ఓడినవాళ్ళు ఇంటికి పోరు. సమానంగా పాయింట్లున్నవాళ్ళను మళ్ళీ కూర్చోబెడతారు. 64 మంది వస్తే మొదటి రౌండు తర్వాత ఓడనివాళ్ళు 16 మంది, రెండో దాని తర్వాత నలుగురు, మూడో దాని తర్వాత ఒక్కరు. ఇద్దరి ఆటలో అదే ఒక్కరిని తేల్చడానికి ఆరు రౌండ్లు పడతాయి. అందుకని నలుగురి పోటీలో ఒక్క గెలుపు బరువు చాలా ఎక్కువ.

"నలుగురం సమానమైతే నా గెలుపు అవకాశం నాలుగో వంతు. అయిదు పాయింట్లలో నాలుగో వంతంటే ఒకటింపావు. డ్రా అయితే ఒకటి. కాబట్టి కూర్చోగానే డ్రా అంటే నష్టం. ఆట సాగాక నా అవకాశం అయిదో వంతుకన్నా కిందికి పడిపోయిందనుకో, అప్పుడు డ్రాయే లాభం. నలుగురూ ఒప్పుకుంటేనే డ్రా. పైచేయిగా ఉన్నవాడు ఎందుకు ఒప్పుకుంటాడు?"

"ఒప్పుకోడు."

"ఒప్పుకుంటాడు మామయ్యా, ఓడిపోతున్నవాడి చేతిలో ఆపే ముక్క ఉంటే. 'నేనెలాగూ గెలవను. ఈ ముక్క నీ మీద వేశానంటే పక్కవాడు గెలుస్తాడు, నీకు సున్నా. డ్రా అంటావా, వేయమంటావా?' అని అడుగుతాడు. అప్పుడు పైచేయివాడి అవకాశం ఒక్క క్షణంలో అరవై శాతం నుంచి సున్నాకి వస్తుంది."

"అది బెదిరింపు."

"అది పాయింట్ల పట్టిక. డ్రాకి సున్నా ఇచ్చే నియమం పెడితే ఈ బేరం ఉండదు."

"బేరం పోతుంది గానీ ముక్క పోదు కదా. గెలవలేనివాడు ఎవణ్ణో ఒకణ్ణి గెలిపించాల్సి వస్తుంది. అదీ నాకు నచ్చనిది. గెలుపు గెలిచేవాడి చేతిలో ఉండాలి, ఓడేవాడి చేతిలో కాదు."

ఈ విషయంలో న్యాయం మామయ్య వైపే ఎక్కువగా ఉంది. నలుగురి పోటీలు నడిపేవాళ్ళందరినీ వేధిస్తున్న చిక్కు ఇదే. ఎన్ని నియమాలు రాసినా, గెలుపు ఆశ లేని మనిషి చేతికి నిర్ణయం చేరకుండా ఆపే మార్గం ఎవరికీ దొరకలేదు. ముక్కల మీద ఆంక్షలతో పోయేది కూడా కాదు. 2024 సెప్టెంబరులో కమాండర్ నియమాల కమిటీ మనా క్రిప్ట్, జ్యువెల్డ్ లోటస్, డాక్‌సైడ్ ఎక్స్‌టార్షనిస్ట్ వంటి బలమైన ముక్కలను నిషేధించింది. వేల రూపాయలు పోసి కొన్నవాళ్ళు కమిటీ సభ్యుల మీద బెదిరింపులకు దిగారు. కొద్దిరోజుల్లోనే ఆ బాధ్యత మొత్తం కంపెనీ చేతికి వెళ్ళింది. ఆట కొంత నెమ్మదించి ఉండొచ్చు, నాలుగో కుర్చీ చిక్కు మాత్రం అలాగే ఉంది.

"అయితే డ్రాప్ లెక్కా, నీ డ్రా లెక్కా ఒకటే," అన్నాడు మామయ్య కాగితం వైపు చూస్తూ. "ముక్కలు చూడగానే, ఈ ఆటలో నాకు పోయేది సగటున ఇరవై దాటుతుందనిపిస్తే ఇరవై ఇచ్చి లేచిపోతాను. మిగతాది మనుషుల్ని చూడడం."

"అదే మామయ్యా."

"మరి మనుషుల్ని చూడడం నీ కట్టలో ఎక్కడుంది?"

ఆట మళ్ళీ మొదలైంది. తొమ్మిది కావస్తోంది. రెండు చుట్ల కింద మామయ్య రిస్టిక్ స్టడీ అనే ముక్క దించుకున్నాడు. ఎదుటివాళ్ళు ఏ ముక్క వేసినా అదనంగా ఒక ఖర్చు కట్టాలి, కట్టకపోతే ఆయన ఒక ముక్క ఎత్తుకుంటాడు. మేనకోడలు అప్పుడు ఆయనతో, "దాన్ని నేను ముట్టుకోను మామయ్యా, బదులుగా నువ్వు ఈ చుట్టు నన్ను కొట్టకు," అంది. ఆయన కొట్టలేదు. తర్వాతి చుట్టులో ఆమె దాన్ని తీసేసింది. చేతిలో గెలుపు జోడీ చేరింది, రిస్టిక్ స్టడీ ఉంటే ఆయనకు ఆపే ముక్క దొరికే ప్రమాదం ఉంది. లెక్క ప్రకారం సరైన ఎత్తే. మామయ్య ఏమీ అనలేదు.

ఇప్పుడు ఆమె ఒరాకిల్ దించింది. బెంగాలీ కుర్రాడు ఆపలేదు. సంతాలీ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఒరాకిల్ ఫలితం తేలకముందే కన్సల్టేషన్ వేసి, కట్టలో లేని ఒక ముక్క పేరు చెప్పింది.

మామయ్య చేతిలో రెండే ముక్కలున్నాయి. ఒకటి ఫోర్స్ ఆఫ్ విల్. దాన్ని ఖర్చు లేకుండా వేయొచ్చు. ఒక ప్రాణం ఇచ్చి, చేతిలోని ఇంకో నీలం ముక్కను వదులుకుంటే చాలు. రెండోది నీలమే. బెంగాలీ కుర్రాడు తన గెలుపు ముక్క ముందే చూపించేశాడు, వాడి వంతు రాగానే దించుతాడు. మామయ్య ఇప్పుడు ఫోర్స్ వాడితే వాణ్ణి ఆపడానికి ఏమీ మిగలదు. వాడకపోతే మేనకోడలిదే ఆట. ఏది చేసినా ఆయనకు గెలుపు లేదు. ఇందాకటి నుంచి వాదించిన సంగతి తనకే ఎదురైంది.

ఆయన ముఖంలో ఏమీ కనబడలేదు. "నలుగురికీ తలా ఒక పాయింటు," అన్నాడు.

స్నేహితులిద్దరూ వెంటనే సరేనన్నారు. మేనకోడలు ఆలోచించింది. మామయ్య దగ్గర ముక్క ఉందో లేదో తెలియదు. ఉన్నా, తనను ఓడించి ఆ కుర్రాణ్ణి గెలిపించడానికి ఆయనకు కారణం లేదు. ఆయనకు అటైనా ఇటైనా సున్నాయే.

"వద్దు మామయ్యా. ఆడదాం."

ఆయన ఫోర్స్ ఆఫ్ విల్ వెల్లకిలా పెట్టాడు. పక్కన నీలం ముక్క పెట్టాడు. కాగితం మీద 31 కొట్టేసి 30 అని రాసుకున్నాడు. తర్వాతి వంతులో బెంగాలీ కుర్రాడు గెలిచాడు.

"నీకేం వచ్చింది మామయ్యా దీంతో?" ఆమె గొంతులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. "లెక్క ప్రకారం నీకు రెండూ ఒకటే."

"రెండూ ఒకటే కాబట్టే, నాకు మాటిచ్చి తప్పిందెవరో చూశాను."

ఆమెకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది, కాలేజీలో చదివింది. 1980 ప్రాంతంలో మిచిగన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ కంప్యూటర్ ప్రోగ్రాముల మధ్య పోటీ పెట్టాడు. సహకరించాలా, ద్రోహం చేయాలా అన్నదే ఆట, అదీ మళ్ళీ మళ్ళీ. పద్నాలుగు ప్రోగ్రాములు వస్తే అన్నిటికన్నా చిన్నది గెలిచింది, అనాటోల్ రాపోపోర్ట్ పంపినది. మొదట సహకరిస్తుంది. తర్వాత ఎదుటివాళ్ళు కిందటిసారి ఏం చేస్తే తనూ అదే చేస్తుంది. మామయ్య ఆ పేర్లు ఎప్పుడూ విని ఉండడు.

"అది మళ్ళీ మళ్ళీ ఆడేవాళ్ళ మధ్య మామయ్యా," అంది ఆ కథంతా చెప్పాక. "రేపు పోటీలో ఒక బల్ల మీద ఒక్కసారే కూర్చుంటాను. మాట తప్పినా గుర్తుపెట్టుకునేవాళ్ళెవరు?"

మామయ్య తన పేక కట్టలు రెండూ సర్ది పెట్టెలో పెట్టాడు. "కలకత్తా పోటీకి ఇది ఎన్నోసారి వెళ్ళడం?"

"అయిదోసారి."

"రేపటి బల్లల దగ్గర నువ్వు ఇదివరకు కూర్చున్న ముఖాలు ఎన్నుంటాయి?"

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మొదటి చెయ్యి అయిపోయి రెండో చేతికి వచ్చింది.